వేళ్ళకు తెలియని ముగ్గు

చెప్పు జారిపోయిన సంగతి ఆకుకూరల పోలేరమ్మ పిలిచి చెబితే గానీ కోమలికి తెలియలేదు.

ఫ్యాక్టరీ బస్సు ఆమెను మంగళం మలుపులో దింపి వెళ్ళిపోయింది. కొండ మీద ఎండ ఇంకా దిగలేదు. తారురోడ్డు పగటి వేడిని వదలలేదు. క్యారియరు సంచి భుజాన వేసుకుని కోమలి తన ధోరణిలో తాను నడుస్తోంది. వెనకనుంచి పిలుపు వినబడి తిరిగి చూసేసరికి పోలేరమ్మ గంపను అక్కడే వదిలి, ఒక చెప్పు చేత్తో పట్టుకుని వస్తోంది.

"ఏమ్మే, చెప్పు ఆడ ఇడిసిపెట్టి ఈడిదాకా వచ్చేసినావు. కాలు కాల్లేదా నీకు?"

కోమలి కిందికి చూసుకుంది. ఎడమ పాదం వట్టిగా ఉంది. ఏదో ఆలోచనలో ఉన్నానని నవ్వేసింది. పోలేరమ్మ నమ్మినట్టు కనిపించలేదు. చెప్పుకంటిన మట్టిని కొంగుతో తుడిచి, కాలి ముందు సరిగ్గా పెట్టి, కోమలి తొడుక్కునేదాకా ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా కోమలి ప్రతి అడుగూ చూసుకుంటూ నడిచింది. చూసుకుంటే తప్ప కాలు ఎక్కడ పడుతోందో తెలియడం లేదు. వేళ్ళకు ఎవరో దూది చుట్టినట్టుంది.

మర్నాడు పొద్దున వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గుగిన్నె తీసుకుంది. ఆ వీధిలో మెలికల ముగ్గంటే కోమలిదే. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ ఒకే గీతను తీగలా తిప్పుకుంటూ పోయి, బయల్దేరిన చోటికే తెచ్చి కలపాలి. పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి నూలుపోగులా జారాలి. ఎంత జారుతోందో కన్ను చెప్పలేదు. కన్ను చూసేసరికే గీత పడిపోయి ఉంటుంది. వేళ్ళే చెప్పాలి.

ఆ పొద్దు వేళ్ళు ఏమీ చెప్పలేదు. గీత ఒకచోట తాడులా లావెక్కింది, ఒకచోట తెగిపోయింది, ఇంకోచోట పిండి కుప్పగా రాలింది. అరచేత్తో చెరిపి మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. అత్త నాగులమ్మ గడప మీద కూర్చుని కాఫీ తాగుతూ ఇదంతా చూస్తోంది. ఆమె అలిపిరి దగ్గర పసుపు, కుంకుమ, కర్పూరం అమ్ముతుంది. మెట్టు మెట్టుకూ బొట్టు పెట్టుకుంటూ కొండెక్కేవాళ్ళు పొద్దున్నే కొంటారు కాబట్టి ఆమెకు అది తొందర వేళ. అయినా గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చి, కోడలి చేతిలోని గిన్నె తీసుకుని మిగిలిన గీత తానే లాగింది.

చలికి వేళ్ళు కొంకర్లు పోయాయని కోమలి గొణిగింది. మామిడి పిందెలు కట్టే రోజులు. చలి ఎక్కడిదని నాగులమ్మ అడగలేదు. "బస్సుకు టైమయితాంది, పో," అంది.

*

ఏర్పేడు దాటాక రోడ్డుకు ఎడంగా ఉన్న ఆ ఫ్యాక్టరీలో సెల్‌ఫోన్ల ముందు అద్దాలు తయారవుతాయి. కోమలిది తుడిచే గది. అందరూ దాన్ని తెల్లగది అంటారు. గోడలు తెలుపు, బల్లలు తెలుపు, తొడుక్కునే కోట్లు తెలుపు. దుమ్ము పడకూడదని కిటికీ అన్నది పెట్టలేదు. రెండు తలుపులుంటే ఒకటి మూశాకే రెండోది తెరవాలి. ఏసీ ఆ గదిలో గాలినే తిప్పి తిప్పి మళ్ళీ ఆ గదిలోకే వదులుతుంది.

అద్దాన్ని అంచులు పట్టి ఎత్తాలి. మెత్తటి గుడ్డ మీద లిక్విడు చిమ్మి, పైనుంచి కిందికి ఒక్క ఊపున తుడవాలి. దీపం కింద ఏటవాలుగా పట్టి చూసి, మచ్చ లేకపోతే తట్టలో పెట్టాలి. ఇంతకుముందు స్పిరిట్టు ఇచ్చేవాళ్ళు. ఆస్పత్రి వాసన వేసేది, ఆరడానికి కొంచెం సేపు పట్టేది. దీపావళి తర్వాత అది మాని వేరేది తెచ్చారు. అది చూడ్డానికి మంచినీళ్ళు. వాసన మాత్రం పెట్రోలు బంకులో ఉన్నట్టు, కాస్త తీపిగా ఉంటుంది. గుడ్డ ఎత్తేలోపే ఆరిపోతుంది, అద్దం మీద నీడ కూడా మిగల్చదు. ఆడవాళ్ళు దానికి కొత్తనీళ్ళు అని పేరు పెట్టుకున్నారు. అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. స్టోరులో నీలం డ్రమ్ముల్లోంచి పోసి, చీటీ లేని సీసాల్లో బల్లల మీదికి వస్తుంది. త్వరగా ఆరుతోంది కనుక తట్టలు ఎక్కువ నింపమన్నారు. పల్చటి చేతొడుగులు దానికి తడిసి ఉబ్బి ఊడిపోతుంటే చాలామంది అవి తీసేసి వట్టి చేతులతోనే తుడుస్తున్నారు.

ఆ రోజు మధ్యాహ్నానికి ముందు పక్క బల్ల రెబెకా చేతిలోంచి నిండు తట్ట జారింది. గదిలో ఇరవై చేతులు ఒక్కసారిగా ఆగాయి. లైన్ లీడరు ప్రసన్నకుమారి పరుగున వచ్చింది. ఆమె వెనకే మేనేజరు హరినాథ్ వచ్చాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. పగిలిన ముక్కలను దాటుకుని వచ్చి రెబెకాను చాలా మర్యాదగా పక్కకు పిలిచాడు. కంపెనీ డాక్టరు ముందే చెప్పాడు కదా, ఒంట్లో విటమిను తక్కువ అన్నాడు. ఆడవాళ్ళు పొద్దున తినకుండా వస్తారని, శనివారం ఉపవాసాలంటారని, అందుకే ఈ నీరసమని అన్నాడు.

"నాకు శనివారం లేదు సార్, నేను ఏసయ్య బిడ్డను," అంది రెబెకా. "పొద్దున్నే నాలుగిడ్లీలు తినే వస్తాను. నీరసం కాదు. పట్టుకున్నానో లేదో చేతికి తెలీడం లేదు."

అయితే కొన్నాళ్ళు ఇంట్లో విశ్రాంతి తీసుకొమ్మన్నాడు హరినాథ్. బాగయ్యాక తామే కబురు చేస్తామన్నాడు. అలా కబురు కోసం వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ ఆ బస్సెక్కలేదని గదిలో అందరికీ తెలుసు. రెబెకా కోటు విప్పుతూ కోమలి వైపు చూసింది. తన వేళ్ళూ అంతేనని కోమలి ఆమెకు ఒక్కదానికే చెప్పుకుంది. ఇప్పుడు పైకి చెబితే రెబెకా మాటకు తోడవుతుంది. కోమలి తల వంచుకుని చేతిలో అద్దాన్ని దీపం కింద పెట్టి చూసింది. మచ్చ లేదు. మళ్ళీ చూసింది.

*

వాళ్ళ ఇంటి ముందు వాటాలో శాంతయ్య అద్దెకుంటాడు. బీఎస్సీ చదివి, తవుడు నుంచి నూనె తీసే మిల్లులో ల్యాబు చూసి రిటైరయిన మనిషి. ఆ సాయంత్రం ఆయన కళ్ళద్దాలు తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ ఏమైనా ఉందా అని అడిగాడు. తుడిచి పారేసే గుడ్డలను ఆడవాళ్ళు అప్పుడప్పుడు ఇళ్ళకు తెచ్చుకుంటారు. నాగులమ్మ కోడలి సంచిలో ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉన్న గుడ్డ తీసి ఇచ్చింది. కవరు విప్పుతూనే శాంతయ్య ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. కళ్ళద్దాలు తుడవలేదు.

"ఇది మా మిల్లు వాసన," అన్నాడు. "ఏం కోమలీ, మీకు హెక్సేను యాడినుంచి వచ్చినాది?"

కోమలికి ఆ మాట కొత్త. తమ కొత్తనీళ్ళ గురించి చెప్పింది. శాంతయ్య అరుగు మీద చోటిచ్చి కూర్చోబెట్టాడు. అది ముడిచమురు శుద్ధి చేసేచోట పెట్రోలుతో పాటు వచ్చే సరుకని చెప్పాడు. రంగుండదు, నీళ్ళతో కలవదు, నీళ్ళు మరగడానికి చాలా ముందే ఆవిరైపోతుంది. జిడ్డు ఎక్కడున్నా తనలోకి లాక్కుంటుంది. గానుగకు దొరకని ఆఖరి నూనెను కూడా తవుడులోంచి లాగేది అదే. చెప్పుల జిగురులో అదే, అద్దం మీద వేలిముద్రలు పోగొట్టేదీ అదే.

"మంచి సరుకేనమ్మా. మేం దాంతోనే బతికినాం. అయితే మా మిల్లులో అది గొట్టాల్లోనే తిరిగేది. నూనె లాగినాక కాచి, ఆవిరిని సల్లార్చి, మళ్ళా అదే నీళ్ళు వాడుకునేవాళ్ళం. ఒక గొట్టానికి చెమ్మ పడితే మిల్లు నిలిపేసేవాళ్ళం. దాని ఆవిరి గాలి కంటే బరువు, కిందనే పరుచుకుంటాది. మూసిన గదిలో మూత లేని సీసాల్లో పెట్టుకుని కూర్చునే పని నేనెప్పుడూ సూళ్ళేదు."

ఆయన ఆమె పాదాల వైపు చూసి, కాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు. చేతుల మాట చెప్పకముందే కాళ్ళ మాట అడిగేసరికి కోమలి ఇక దాచలేకపోయింది. చెప్పు జారిన సంగతి చెప్పింది. తలుపు దగ్గర నిలబడి వింటున్న నాగులమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

తాను డాక్టరును కాదని, నరాల డాక్టరుకు చూపించాలని శాంతయ్య అన్నాడు. అయితే ఇది విటమిను మాత్రతో పోయేది కాదన్నాడు. ఆ గాలికి దూరమైతే నరాలు మెల్లగా కోలుకుంటాయి. మొదట కొన్ని వారాలు ఇంకా దిగజారినట్టే ఉంటుందట, భయపడకూడదు. దూరం కాకపోతే ఆ మొద్దుబారడం పైకి పాకుతుంది.

"చెబితే నన్ను కూడా ఇంటికి పొమ్మంటారు కదన్నా," అంది కోమలి. "నీరసం మనిషని పేరు పెట్టి పంపిస్తారు. నా బల్ల కాడ ఇంకో పిల్ల కూర్చుంటాది. ఆ పిల్ల చేతులూ ఇట్లే అయితాయి."

 శాంతయ్య గుడ్డను మళ్ళీ కవరులో చుట్టి, మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బా తెచ్చి అందులో పెట్టి ఇచ్చాడు. అన్నం తిని చాప మీద కూర్చున్నాక కోమలి చూసింది. నాగులమ్మ పాత సంచి పట్టీ కత్తిరించి, కోడలి చెప్పులకు మడమ వెనకనుంచి పట్టేలా దబ్బనంతో కుడుతోంది.

*

మర్నాడు టీ వేళ కోమలి హరినాథ్ గది ముందు నిలబడి ఆ లిక్విడు పేరేమిటని అడిగింది. ఆయన ఆశ్చర్యపోలేదు. అది పాత స్పిరిట్టేనని, కంపెనీ మారిందని, వాసన తేడా అందుకేనని నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వుతోనే, నువ్వు వచ్చింది మంచిదైందన్నాడు. అద్దాలు కొనే పెద్ద కంపెనీ నుంచి తనిఖీకి ఎల్లుండి మనుషులు వస్తున్నారు. గేటు ముందు పెద్ద ముగ్గు ఉండాలి. పోయిన ఏడు ఆయుధపూజకు వేసినట్టు, రోడ్డు పట్టినంత ముగ్గు. ఎవరెవరు కావాలో నువ్వే చూసుకో, ప్రసన్నకుమారికి చెబుతాను అన్నాడు.

ఒప్పుకోకుండా తప్పించుకుందామని కోమలి నోరు తెరిచింది. తన చెయ్యి ఇప్పుడు ఎలా ఉందో నలుగురిలో బయటపడుతుంది. తెరిచిన నోటితో "సరే సార్" అంది. అన్నాక ఆ మాట ఎందుకన్నదో ఆమెకు అర్థమైంది.

పెద్ద ముగ్గుకు ఒక పద్ధతి ఉంది. చెయ్యి తిరిగిన ఒకరిద్దరే గీత లాగుతారు, మిగతావాళ్ళు రంగులు నింపుతారు. కోమలి ఆ పద్ధతి మార్చింది. మధ్యన నిలువునా రెండు భాగాలు. కుడి సగం ప్యాకింగువాళ్ళు లాగాలి. అద్దాలను అట్టపెట్టెల్లో పెట్టే ఆ ఆడవాళ్ళు కొత్తనీళ్ళ దగ్గరికి రారు. ఎడమ సగం తెల్లగదివాళ్ళు లాగాలి. రంగులు లేవు.

భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే తెల్లగదివాళ్ళు తినడం ఆపేశారు. మన చేతులు ఇట్లుంటే గీత యాడ కుదురుతాదని ఒకామె అడిగింది. అందరిలో పరువు పోతుందని ఇంకొకామె అంది. పోతే పోనీ, ఉద్యోగం కూడా పోతుందని మూడో ఆమె అంది. ఇంట్లో ముగ్గు తన కూతురితో వేయిస్తున్నానని, వీధిలో వాళ్ళకు నడుం నొప్పని చెబుతున్నానని ఒకామె మెల్లగా బయటపెట్టింది. ఆ మాట విన్నాక ఒక్కొక్కరే చెప్పుకున్నారు. ఒకామె జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతోంది. ఒకామె సూదిలో దారం ఎక్కించడం మానేసింది. ఎవరికి వాళ్ళు తమకే అనుకున్నారు.

"కుదరకపోతే కుదరదు," అంది కోమలి. "చెరపొద్దు. దిద్దొద్దు. ఎట్ల పడితే అట్లే ఇడిసిపెట్టండి. మొన్న రెబెకాను పంపిస్తా ఉంటే నేను అద్దం సూసుకుంటా కూర్చున్నాను. ఇంక నా చేత కాదు."

*

తనిఖీ రోజు బస్సు పొద్దు పొడవకముందే వచ్చింది. గేటు బయట రోడ్డు కడిగి ఆరబెట్టి ఉంది. కోమలి చుక్కలు పెట్టింది. చుక్క పెట్టడానికి స్పర్శ అంతగా అక్కర్లేదు, కన్ను చాలు. చుక్కలు రెండు వైపులా సమానంగా, సైన్యంలా నిలబడ్డాయి. అంతలో కోమలి పంపిన కబురు అందుకుని, టౌన్‌బస్సు దిగి రెబెకా వచ్చింది. చేతిలో ముగ్గుడబ్బా ఉంది. వాచ్‌మన్ ఆమెను గుర్తుపట్టి లేవబోయాడు. ముగ్గు గేటుకు ఇవతల రోడ్డు మీద ఉందని చూసుకుని మళ్ళీ కూర్చున్నాడు.

కుడి సగం చకచకా సాగిపోయింది. సన్నని గీత చుక్కల మధ్య పాములా మెలి తిరిగి, తన తోకను తానే అందుకుంది. ఎడమ సగంలో ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, చూపంతా వేళ్ళ మీద పెట్టి లాగారు. గీత లావయింది, సన్నబడింది, తెగింది, పక్క చుక్కను తొక్కింది. అలవాటు కొద్దీ ఒకామె అరచెయ్యి చెరపడానికి వెళ్ళింది. రెబెకా ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. కోమలి అన్నిటికంటే కష్టమైన మధ్య మెలిక తీసుకుంది. ఒకప్పుడు కళ్ళు మూసుకుని వేసిన మెలిక అది. పూర్తయ్యాక లేచి నిలబడి చూసింది. సిగ్గు వేయలేదు.

హరినాథ్ కొత్త చొక్కా వేసుకుని బయటికి వచ్చి ఆగిపోయాడు.  తర్వాత ప్రసన్నకుమారిని పిలిచి, నీళ్ళ గొట్టం తెప్పించి ఎడమ పక్క కడిగించమన్నాడు. ప్రసన్నకుమారి ఆ గదిలో ఎప్పుడూ ఎవరినీ వెనకేసుకొచ్చింది లేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏసిన ముగ్గు పొద్దున్నే కడిగితే ఇంట్లో శవం లేసినట్టు సార్. నేను కడగను."

హరినాథ్ వాచ్‌మన్ వైపు చూశాడు. వాచ్‌మన్ రోడ్డు వైపు చూశాడు. గొట్టం గోడ దగ్గర చుట్టచుట్టుకుని ఉంది. పదడుగులు వేస్తే హరినాథ్‌కే అందుతుంది. ఆయన వెళ్ళలేదు. ఆయన కారు ముందు ఎర్రదారంతో కట్టిన నిమ్మకాయ ఇంకా పచ్చిగానే ఉంది. కోమలి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, బండ్లు రేణిగుంట దాటాయని, ఆ సగం కాస్త సరిచేయమని అడిగాడు.

"ఉండనీండి సార్," అంది కోమలి. "మా చేతులు ఎట్లుండాయో ముగ్గు అట్లే ఉండాది."

రెండు కార్లు ముగ్గుకు అవతలే ఆగాయి. ముందు కారులోంచి దిగినామె పేరు మోహన అని, చెన్నై నుంచి వచ్చిందని హరినాథ్ పరిచయం మొదలుపెట్టాడు. నడివయసు మనిషి, మెడలో కార్డు, కాళ్ళకు బరువైన బూట్లు. ఆమె ఆయన మాట వింటూనే ముగ్గు చూసింది. కుడి సగం చూసింది, ఎడమ సగం చూసింది. బూట్లు విప్పి పక్కన పెట్టి, అంచు వెంబడే నడిచి వచ్చింది.

"యారు పోట్ట కోలం?" అని అడిగింది.

ఈ ముగ్గు ఎవరు వేశారని ఆమె తమిళంలో అడుగుతుందని కోమలి అనుకోలేదు. ఇంగ్లీషులో అడుగుతారు, హరినాథ్ ఏదో చెబుతాడు, తన దాకా ఏ మాటా దిగదు అనుకుంది. చిత్తూరు పిల్లకు అరవం ఒకరు నేర్పాలా. తానే జవాబిచ్చింది. ఆ పక్క వేసింది ప్యాకింగువాళ్ళని, ఈ పక్క వేసింది అద్దాలు తుడిచేవాళ్ళని చెప్పింది. వీళ్ళింకా నేర్చుకుంటున్నారా అని మోహన అడిగింది. మంచి చేతులన్నీ ఈ పక్కే ఉన్నాయని కోమలి చెప్పింది. దీపావళి దాకా.

మోహన రెబెకా ఎదురుగా గొంతుకూర్చుంది. కళ్ళు మూసుకోమంది. గిన్నెలోంచి ముగ్గుపిండి తీసి రెబెకా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ఆ వేళ్ళను మెత్తగా నొక్కి వదిలింది. చేతిలో ఏముందని అడిగింది. రెబెకా చాలాసేపు ఆలోచించింది. తప్పు చెప్పకూడదని ఆమె ముఖంలో తెలుస్తోంది.

"ఇంకా ఏమీ పెట్టలేదు కదా మేడమ్," అంది.

పిండి ఆమె వేళ్ళ మధ్యనుంచి సన్నగా రోడ్డు మీదికి రాలుతోంది.  రెబెకా కళ్ళు తెరిచి తన చెయ్యి చూసుకుంది.

హరినాథ్ ఇంగ్లీషులో విటమిను సంగతి ఎత్తుకున్నాడు. మోహన లేచి నిలబడి, తుడవడానికి ఏం వాడుతున్నారని అడిగింది. స్పిరిట్టు అన్నాడు. కోమలి తన సంచిలో తెచ్చిన స్టీలు డబ్బా మూత తీసి, గుడ్డ ఉన్న కవరు విప్పి ఆమెకు అందించింది. మోహన ఒక్కసారి వాసన చూసి డబ్బా మూసి తన దగ్గరే ఉంచుకుంది. మీటింగు హాల్లో అంతా సిద్ధంగా ఉందని, ముందు టిఫిను చేద్దామని హరినాథ్ దారి చూపించాడు. ఆమె బూట్లు తొడుక్కుంటూ, ముందు స్టోరు చూద్దామంది. ప్రసన్నకుమారి దారి చూపిస్తూ ముందు నడిచింది.

ఆ రోజు తెల్లగదిలో దీపాలు వెలగలేదు. రెండు తలుపులూ ఒకేసారి తెరిచి పెట్టారు. ఎండ ఆ నేల మీద పడడం కోమలి మొదటిసారి చూసింది. నీలం డ్రమ్ములను ఆరుబయటికి దొర్లించి ఆవరణలో వరసగా నిలబెట్టారు. వాటి గురించి మోహన ఫోనులో ఎవరితోనో చాలాసేపు మాట్లాడింది. తర్వాత ఏమవుతుందో ఆడవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. సాయంత్రం బస్సు దగ్గర హరినాథ్ కోమలి కోసమే నిలబడి ఉన్నాడు. అప్పుడు కూడా మర్యాద వదలలేదు. రేపటినుంచి నువ్వు రావలసిన పని లేదు, మేమే కబురు చేస్తాం అన్నాడు.

"బస్సు వస్తాది కదా సార్. నేను ఎక్కుతాను," అంది కోమలి. "లోపలికి రానీకపోతే గేటు కాడ దిగుతాను. ఆడ రోడ్డు ఉండాది, నా కాడ ముగ్గుపిండి ఉండాది. దినానికొక ముగ్గు ఏసుకుంటా ఉంటాను."

వెనక మెట్టు మీద నిలబడ్డ ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కున నవ్వింది. తర్వాత ఇంకొకామె నవ్వింది. హరినాథ్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

*

మర్నాడు పొద్దున నాగులమ్మ గిన్నెను తానే తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. కోమలి వాకిట్లో వంగి మెలికల ముగ్గు వేసింది. గీత లావుగా, వంకరగా, తెగి తెగి పడింది. ఆమె చెరపలేదు. నాగులమ్మ పసుపుకుంకుమ బుట్ట నెత్తిన పెట్టుకుని, ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి వీధిలోకి దిగింది. శాంతయ్య అరుగు మీదనుంచి ముగ్గును చాలాసేపు చూశాడు. ఆదివారం నరాల డాక్టరు దగ్గరికి తానూ తోడు వస్తానని, మిగతావాళ్ళను కూడా రమ్మనమని చెప్పాడు.

చెప్పుల వెనకపట్టీలు మడమలను గట్టిగా పట్టుకున్నాయి. మంగళం మలుపులో బస్సు ఆగి ఉంది. మామూలుగా అయితే డ్రైవరు క్షణం ఆగడు. ఈ రోజు ఇంజను ఆపి మరీ కూర్చున్నాడు. కోమలి కమ్మీ పట్టుకుని, కాలు మెట్టు మీద పడిందో లేదో చూసుకుని ఎక్కింది.

కిటికీ పక్క సీట్లో రెబెకా కూర్చుని ఉంది. ఒళ్ళో ముగ్గుడబ్బా ఉంది. పక్క సీటు మీద పెట్టిన సంచి తీసి, జరిగి చోటిచ్చింది.